చప్పుడు చేయని గాలి

మాదాపూర్,
21 ఫిబ్రవరి 1999

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు, రసజ్ఞకి ముద్దులు. ఉద్యోగం ఎలా ఉందని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. ఇవాళ ఆదివారం కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు నర్సువి కాబట్టి మా కంపెనీ చేసే పని నీకు చెప్పగానే అర్థమవుతుంది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక కేసు షీటు చేత్తో రాయరు. చూసింది, ఇచ్చిన మందు, డోసు అన్నీ నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ గొంతులు మా కంప్యూటర్లలోకి వస్తాయి. ఇక్కడి పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలికింద పెడల్‌తో ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ విని టైపు చేస్తారు. పొద్దున్నకల్లా ఆ కాగితాలు అమెరికా ఆసుపత్రిలో ఉంటాయి. నేను వినను, టైపు చెయ్యను. కంప్యూటర్లు ఆగిపోకుండా చూడటం నా పని.

హైటెక్ సిటీ గుండ్రటి భవనం పేపర్లో చూసే ఉంటావు. మాది అందులో కాదు, అక్కణ్ణించి ఇంకా రాళ్ళగుట్టల వైపు పోతే వచ్చే మామూలు మూడంతస్తుల మేడ. నలభై కంప్యూటర్లూ ఒకే హాల్లో ఉన్నాయి. ఒక్కోదాని డబ్బా వెనకాల అరచేయంత ఫ్యాను. లోపలి వేడిని అది బయటికి తోసెయ్యకపోతే మిషను ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మొదట్లో ఎవరో బాగా జోరుగా తిరిగేవి బిగించారు. ఒక్కటి తిరిగితే తుమ్మెద మోత. నలభై తిరిగితే పిండిమర పక్కన కూర్చున్నట్టే. నెమ్మదిగా మాట్లాడే డాక్టరు వచ్చాడంటే పిల్లలు హెడ్‌ఫోన్లని రెండు చేతులా చెవులకి అదుముకుంటారు.

మా యజమాని చెన్నకేశవులుగారు నన్ను పిలిచి, "హాలు లైబ్రరీలా ఉండాలి. ఏ ఫ్యాన్లు పెట్టాలో నువ్వే తేల్చు" అన్నారు. తేల్చడం ఆయన అన్నంత తేలిక కాదు. జోరుగా తిరిగితే గాలి బాగా ఆడుతుంది, మోత భరించలేం. నెమ్మదిగా తిరిగితే మోత ఉండదు, వేడి లోపలే నిలిచిపోతుంది. పెద్ద రెక్కల ఫ్యానైతే నెమ్మదిగా తిరిగినా గాలి సరిపోతుంది, కానీ డబ్బాకి ఉన్న కన్నం చిన్న ఫ్యానుకే. సికింద్రాబాదు వెళ్ళి రకానికొకటి తెచ్చి, గదిలో బల్లమీద తిప్పి చెవి పెట్టి వింటున్నాను. పడుకున్నా ఆ హోరు చెవుల్లోంచి పోవడంలేదు. అన్నం తింటుంటే కూడా వినిపిస్తోంది. తప్పు ఎంపిక చేస్తే ఎండాకాలంలో నా పని అయిపోయినట్టే.

నీ తమ్ముడు
రవి

చెప్పడం మరిచాను. నువ్విచ్చిన జ్వరం చూసే థర్మామీటరు పాడైంది. పాదరసం చివరిదాకా పోయి గాజు పగిలింది. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకోటి పంపు.


కాకినాడ,
2 మార్చి 1999

రవీ,

నీ ఉత్తరం మీ బావ వార్డుకే పట్టుకొచ్చారు. ట్రే పక్కన పెట్టి నిలబడే చదివాను. పేజీల నిండా ఫ్యాన్ల గోల రాసి, అసలు సంగతి చివర రెండు ముక్కల్లో తేల్చేశావు. చెవుల్లో హోరు. పాదరసం చివరిదాకా పోయేంత జ్వరం. అంత జ్వరంలో మనిషి ఉత్తరం రాయడం నేనెప్పుడూ చూడలేదు. నువ్వు చిన్నప్పటినించీ అంతే, ఒళ్ళు కాలిపోతున్నా ఆడుకునేవాడివి.

నిజం చెప్పు. మలేరియా అని ఎవరైనా క్వినైన్ ఇచ్చారా? క్వినైన్ మింగితే చెవులు హోరెత్తుతాయి. ఎవరిచ్చారు, ఎంత డోసు? మా చెవి డాక్టరుగారిని అడిగాను. "మనిషిని చూడకుండా ఏం చెప్పనమ్మా, ముందు రక్తపరీక్ష చేయించమనండి" అన్నారు. చేయించుకుని ఆ కాగితం నాకు పంపు. మీ ఆఫీసుకి ఎస్‌టీడీ బూతునించి చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి, పని వేళల్లో ఫోను ఇవ్వమండీ అని పెట్టేసింది. ఇంటికి ఫోను ఎప్పుడిస్తారో టెలిఫోనువాళ్ళకే తెలియాలి.

ఇక్కడ అందరం క్షేమం. నీ ఫ్యాన్ల గురించి చదివితే నవ్వొచ్చింది. మా వార్డులో ఒక మంచం మీది ఫ్యాను కిర్రుకిర్రుమంటోందని పదిసార్లు చెప్పి నూనె వేయించాను. మర్నాడు ఆ మంచం మీది పెద్దాయన, రాత్రంతా కునుకు లేదని నామీదే విసుక్కున్నాడు. "ఆ చప్పుడు ఆగేసరికి నేనే ఆగిపోయాననుకున్నానమ్మా" అన్నాడు. మనుషులతో ఇదీ వరస.

చెవుల్లో దూది పెట్టుకోకు, నూనె పోసుకోకు. రక్తపరీక్ష మరిచిపోకు.

అక్క
భ్రమరాంబ


మాదాపూర్,
14 మార్చి 1999

అక్కా,

నాకు జ్వరం లేదు, మలేరియా లేదు, నేను ఏ బిళ్ళా మింగలేదు. థర్మామీటరు పెట్టింది నా నోట్లో కాదు, కంప్యూటరు డబ్బా వెనకాల. ఏ ఫ్యాను ఎంత వేడి గాలి వదుల్తోందో చూద్దామని పెట్టాను. అది మనుషుల వేడికి చేసినది కాబట్టి తట్టుకోలేకపోయింది. రక్తపరీక్ష కాగితం కావాలంటే ఆ డబ్బా రక్తం తీసి పంపాలి.

ఫ్యాన్లు తేల్చేశాను. నెమ్మదిగా తిరిగే రకమే. ఒక్కణ్ణే కూర్చుని తేల్చలేదు, భవానిని దగ్గర పెట్టుకుని తేల్చాను. భవాని మాదగ్గర టైపు చేసే అమ్మాయి. మెదక్ వైపు వాళ్ళు, బోరబండలో తల్లితో ఉంటుంది. ఎవరికీ అర్థంకాని యాస వస్తే అందరూ ఆమె సీటు దగ్గరికే వెళ్తారు. ఒక్కో ఫ్యాను బిగించి, ఒకే డాక్టరు ఫైలు పెట్టి, ఏం వినిపిస్తోందో చెప్పమన్నాను. కళ్ళు మూసుకుని వింది. "సార్, ఫిఫ్టీకి ఫిఫ్టీన్‌కి తేడా ఆఖరికే ఉంటది. గీ పాత ఫ్యాను ఆ ఆఖరు ముక్కనే తింటున్నది" అంది. నాకు రెండూ ఒకేలా వినిపించాయి. నెమ్మది ఫ్యాను పెట్టాక భవాని ఒక్కసారి కూడా వెనక్కి తిప్పుకోలేదు.

నలభైకీ మార్చాను. మొదటిరోజు హాల్లో కీబోర్డుల టకటక వినిపించింది. భవాని వెనక్కి తిరిగి, "ఇగ మనం మెల్లగ మాట్లాడుకోవాలె సార్, అందరికి ఇనబడ్తది" అంది. ఇన్నాళ్ళూ అక్కడ అరుచుకుంటూ బతికామని అప్పటిదాకా తెలియలేదు.

భయం మాత్రం పోలేదు. ఇప్పుడు మార్చి. ఏసీ ఉంది కాబట్టి నడుస్తోంది. కరెంటు పోతే జనరేటరు కంప్యూటర్లని మోస్తుంది కానీ ఏసీని మొయ్యదు. భవాని సీటు పడమటి కిటికీ పక్క. సాయంత్రం ఎండంతా ఆ వరుస మీదే. రోజూ వెళ్ళి ఆమె మిషను మీద చెయ్యి పెట్టి చూసి వస్తున్నాను.

బావగారికి నమస్కారాలు.

రవి


కాకినాడ,
29 మార్చి 1999

రవీ,

జ్వరం లేదన్నావు, సంతోషం. థర్మామీటరు పంపను, నువ్వు దాన్ని మర్యాదగా చూడవు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫ్యాన్లు ఎన్నిసార్లు వచ్చాయో భవాని అన్నిసార్లు వచ్చింది. కళ్ళు మూసుకుని వింటే ఎలా ఉంటుందో కూడా రాశావు. రోజూ ఆమె మిషను మీద చెయ్యి పెట్టి చూస్తున్నావట. మిగతావాటి మీద ఎవరు పెడుతున్నారు? నేను తప్పుపట్టడంలేదు. మీ బావ వాళ్ళ బంధువుల్లో ఒక సంబంధం గురించి మాట్లాడుతున్నారు, వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. మనసులో ఏమైనా ఉంటే ముందే నాకు చెప్పు. మధ్యలో ఎవరో చెప్పగా వినడం నాకిష్టం లేదు.

ఫిఫ్టీ, ఫిఫ్టీన్ అని రాశావే, అది చదివి నాకు భయమేసింది. మా దగ్గర ఇన్సులిన్ ఎక్కించే ముందు ఇద్దరం చూస్తాం. సిరంజిలోకి తీసినదాన్ని ఇంకొకరు చూసి సరేనంటేనే పొడుస్తాం. మీ పిల్లలు టైపు చేసింది ఇంకొకరు చూస్తారా లేదా? ఆ సంగతి రాయి.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. నీ డబ్బాల సంగతి ఏమో కానీ నువ్వు మజ్జిగ తాగు.

అక్క


మాదాపూర్,
23 ఏప్రిల్ 1999

అక్కా,

నెల్లాళ్ళుగా రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు కూడా వివరంగా రాసే స్థితిలో లేను.

ఇక్కడ చాలా పెద్ద పొరపాటు జరిగిపోయింది. భవానిని ఇక రావద్దన్నారు. నిన్న వాళ్ళమ్మ సత్తెమ్మగారు నన్ను వెతుక్కుంటూ వచ్చి మెట్లమీద కూర్చుంది. "నా బిడ్డ ఆగమైంది సారు. మొకం ఎట్ల చూపెట్టాలె" అని ఏడ్చింది. నేను తలెత్తి ఆమెని చూడలేకపోయాను.

తప్పు ఆ అమ్మాయిది కాదు అక్కా, నాది. ఆమె వద్దంటూనే ఉంది. వేడి తట్టుకోలేక, రెండు రోజులు ఓర్చుకో అని చెప్పి నేనే చేశాను. ఈ సంగతి ఆమెకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె నా పేరు ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు నేను నోరు విప్పితే నా ఉద్యోగం పోతుంది, విప్పకపోతే ఆమె బతుకు పోతుంది.

ఆకలి కావడంలేదు. బావగారికి ఏమీ చెప్పకు.

రవి


కాకినాడ,
27 ఏప్రిల్ 1999

రవికి,

ఈ ఉత్తరం మీ బావ చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఆయనకి చెప్పవద్దన్నావు. నేను చెప్పాను. ఇలాంటి విషయాలు పోస్టులో నడిచేవి కావు.

నీ ఉత్తరం చదివి నిన్న డ్యూటీకి వెళ్ళలేకపోయాను. వద్దన్న అమ్మాయిని ఓర్చుకోమన్నానని నీ చేత్తో రాశావు. అది చదవడానికి నాకెంత కష్టమైందో నీకు తెలియదు. నిన్ను ఎత్తుకుని తిప్పిన చేతులు ఇవి. నీమీద కోపం ఎంత ఉందో, ఆ పిల్ల మీద జాలి అంతకంటే ఎక్కువ ఉంది. మార్చిలోనే అడిగాను కదా. అప్పుడే చెబితే ఇంతదాకా వచ్చేదా?

ముందు నేనడిగినవాటికి జవాబు చెప్పు. ఎన్నో నెల? డాక్టరుకి చూపించారా? ఆమెకి రక్తం తక్కువుందా? ఎవరో చెప్పారని దొంగచాటు మందులేవీ వాడనివ్వకు. నేను కళ్ళారా చూశాను ఆ పిల్లలు ఎలా వస్తారో మా వార్డుకి.

కులం, ఊరు, యాస, ఇవేవీ మేం అడగం. మీ బావ ఆ పిల్ల తల్లితో స్వయంగా మాట్లాడతారు. నువ్వు తలెత్తలేకపోతే దించుకునే నిలబడు, కానీ ఆ మాటలప్పుడు పక్కనే ఉండు.

భ్రమరాంబ


మాదాపూర్,
2 మే 1999

అక్కా,

ఏం రాశానని నువ్విలా అనుకున్నావా అని, నీ ఉత్తరం చూశాక నా ఉత్తరంలో మాటలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాను. తప్పు నీది కాదు. అలా రాస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ జరిగింది అది కాదు. భవానితో నేను దూరంనించి మాట్లాడటం తప్ప ఏనాడూ హద్దు దాటలేదు. పోయింది ఆమె ఉద్యోగం. కారణం ఆ ఫ్యాన్లు.

బావగారు నాదగ్గరికి రాకముందే మా ఆఫీసుకి వెళ్ళారు. గేటు దగ్గరుండే సాయిలు, ఎవరో చుట్టాలనుకుని, భవాని ఇంటి గుర్తులు చెప్పి ఆటో ఎక్కించాడు. బావగారు తిన్నగా బోరబండ వెళ్ళి, వాకిట్లోనే నిలబడి చేతులు జోడించి, "మా వాడు చేసిన తప్పు మేం దిద్దుకుంటామండీ. ముహూర్తం మీరు పెట్టమన్నప్పుడే" అన్నారు. సత్తెమ్మగారికి ఏమీ అర్థం కాలేదు. "ముహూర్తమేంది సారు, నా బిడ్డ నౌకరి వోయింది, గా నౌకరి మల్ల ఇప్పియ్యుండ్రి" అంది. ఈలోపల పక్కిళ్ళవాళ్ళు గుమిగూడారు. భవాని లోపల్నించి వచ్చి, అంతా విని, తలుపు వేసేసింది. ఆ తలుపు మళ్ళీ తెరవలేదు. ఉద్యోగం పోయిందని ఊరుకున్న బస్తీలో ఇప్పుడు ఇంకో మాట తిరుగుతోంది. బావగారు నా గదికి వచ్చి, అసలు సంగతి తెలిశాక, మంచం మీద కూలబడ్డారు.

ఇప్పుడు మొదట్నించీ రాస్తాను.

ఏప్రిల్ వచ్చేసరికి రోజూ మధ్యాహ్నం కరెంటు పోవడం మొదలైంది. ఏసీ ఆగేది. నెమ్మది ఫ్యాన్లు ఆ వేడిని తోయలేకపోయాయి. పడమటి కిటికీ వరుసలో మిషన్లు ఒకదాని వెనక ఒకటి బిగుసుకుపోయాయి. సగం టైపు చేసిన రిపోర్టులు పోయేవి, పిల్లలు మళ్ళీ మొదట్నించీ కొట్టేవాళ్ళు. ఒక మిషనులో డిస్కే కాలిపోయింది. చెన్నకేశవులుగారు అందరి ముందూ, "నీ నిశ్శబ్దం మన కొంప ముంచేలా ఉందయ్యా. పాతవి పెట్టు" అన్నారు. నేను ఎదురుచెప్పలేదు. ఆ వరుసకి పాత జోరు ఫ్యాన్లు బిగించేశాను. వేడి తగ్గింది. మోత వచ్చింది.

భవాని ఆ రోజే వచ్చి చెప్పింది. "సార్, గీ మోతల నాకు ఇనబడ్తలేదు. జర చూడుండ్రి" అంది. రెండు రోజులు ఓర్చుకో, మంచివి తెస్తానన్నాను. ఆ వారంలోనే జరిగింది. ఒక రోగికి డాక్టరు పదిహేను యూనిట్ల ఇన్సులిన్ చెప్పాడు. మా దగ్గర్నించి యాభై అని వెళ్ళింది. నువ్వడిగావు కదా, ఇంకొకరు చూస్తారా అని. చూస్తారు, కానీ టైపు చేసిందాన్ని చదువుతారు తప్ప డాక్టరు మాట మళ్ళీ వినరు. అక్కణ్ణించి ఈమెయిలు వచ్చింది, డోసు తప్పు పడింది, ఎవరు చేశారు, ఏం చర్య తీసుకున్నారు అని. చర్య అంటే భవాని అయింది. అరగంటలో ఆమె టిఫిను డబ్బా సర్దుకుని వెళ్ళిపోయింది. ఫ్యాను సంగతి ఎవరితోనూ అనలేదు. అంటే నామీదికి వస్తుందని తెలుసు.

నేనూ అనలేదు.

ఇంకొకటి కూడా ఉంది అక్కా. ఆ ఈమెయిల్లో ఆ రోగికి ఏమైందో లేదు. మేమెవరం అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని. యాభై యూనిట్లంటే ఎంత అని నిన్నడగాలని ఉంది, చెబుతావేమోనని భయంగానూ ఉంది.

రవి


కాకినాడ,
6 మే 1999

రవీ,

ముందుగా నా తప్పు. మీ బావ ఇంటికొచ్చి చెప్పారు. నా తొందరకి ఒక ఆడపిల్ల తలుపేసుకోవాల్సి వచ్చింది. నేనే వచ్చి ఆ తల్లి కాళ్ళు పట్టుకుందామనుకున్నాను, మళ్ళీ ఎవరో కొత్త చుట్టం వచ్చి వాకిట్లో నిలబడితే బస్తీ ఇంకో కథ అల్లుతుందని మీ బావ ఆపారు. ఆమె ఒప్పుకున్న రోజున వస్తాను. ఈలోపల ఆ పిల్ల ఉద్యోగం ఎందుకు పోయిందో ఆ వాకిట్లోనే, అందరూ వినేలా, మీ యజమాని నోటితో చెప్పించు. పెళ్ళిమాట పోవాలంటే అదే దారి.

ఇప్పుడు నువ్వు అడగడానికి భయపడ్డది చెబుతాను. యాభై యూనిట్లు తప్పుగా పడితే మనిషికి చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. మాట తడబడుతుంది. ఎవరూ చూడకపోతే స్పృహ పోతుంది. వెంటనే గ్లూకోజు ఎక్కిస్తే లేస్తాడు. ఎక్కించకపోతే లేవకపోవచ్చు. రాత్రి పడుకున్నాడు, నిద్రపోతున్నాడనుకుంటే ఇంక అంతే. నేను చూశాను. అందుకే దాచకుండా రాస్తున్నాను.

రవీ, నువ్వు మూడు పేజీలు రాశావు. ఫ్యాన్లున్నాయి, భవాని ఉంది, నీ ఉద్యోగం ఉంది, మీ యజమాని ఉన్నాడు. ఆ రోగి ఆఖర్న వచ్చాడు. మా దగ్గరైతే అతను మొదట వస్తాడు. ఎవరిది తప్పో తేల్చడం తరవాత, మనిషి ఉన్నాడా లేడా అన్నది ముందు. అది తెలుసుకోకుండా నువ్వు ఇంకో ఫ్యాను బిగించకు. తెలుసుకున్నాక నీకు నిద్రపట్టకపోతే పట్టకపోనీ. తెలుసుకోకపోతే ఎలాగూ పట్టదు.

నీ ఉద్యోగం పోతే ఇక్కడికి రా. ఒక మంచం, ఒక కంచం ఎప్పుడూ ఉంటాయి. ఆ మాట మీ బావ రాయమన్నారు.

ఇది స్పీడు పోస్టులో వేస్తున్నాను.

అక్క


మాదాపూర్,
19 మే 1999

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజునే చెన్నకేశవులుగారి గదిలోకి వెళ్ళాను. ఆ రోగి ఎలా ఉన్నాడో అమెరికాకి ఫోను చేసి కనుక్కోమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టి, "కనుక్కుంటే మనకేమొస్తుంది రవికిరణ్? చర్య తీసుకున్నామని రాశాం, వాళ్ళు ఊరుకున్నారు. నిద్రపోతున్నదాన్ని లేపడమెందుకు?" అన్నారు. "సార్, ఒకసారి భవాని సీటుదాకా రండి" అన్నాను. ఎందుకో ఆయన లేచి వచ్చారు.

డాక్టరు గొంతు ఫైలు సర్వరులో అలాగే ఉంది. ఆ వరుస మిషన్లన్నీ నడుస్తున్నాయి. ఆయన్ని భవాని కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు ఇచ్చి, ఏం వినిపిస్తే అది కాగితం మీద రాయమన్నాను. పెడల్ నేనే నొక్కాను. ఆయన తల వంచి, రెండు చేతులా చెవులు మూసుకుని విన్నారు. ఇంకోసారి పెట్టమన్నారు. పెట్టాను. ఆయన రాసింది యాభై.

అప్పుడు ఆ వరుసలో ప్రతి డబ్బా మూత తీసి, ఫ్యాను వైర్లు పీకేశాను. మిషన్లు వేడెక్కేలోపల కొద్దిసేపే టైము ఉంటుంది. మోత ఆగింది. కిటికీ బయట కాంక్రీటు కలిపే మిషను తిరగడం కూడా వినిపించింది. అదే ఫైలు మళ్ళీ పెట్టాను. ఆయన వింటూ వింటూ "ఫిఫ్టీన్" అని పైకే అని, కలం కింద పెట్టేశారు. కాగితం మీద యాభై వైపే చూస్తూ కూర్చున్నారు.

"ఈ ఫ్యాను బిగించింది నేను సార్. వినబడట్లేదని ఆ అమ్మాయి చెప్పింది. ఓర్చుకోమన్నది నేను" అన్నాను. పక్క వరుసలో టైపింగ్ ఆగిపోయింది. అందరూ విన్నారు.

ఆయన నన్ను తిట్టలేదు. "పెట్టమన్నది నేను కదయ్యా" అన్నారు, అంతే. లేచి తన గదిలోకి వెళ్ళారు. అమెరికాలో తెల్లవారేవరకూ ఆగి, సాయంత్రం ఆయనే ఫోను చేశారు. నన్ను పక్కన నిలబడమన్నారు. అవతల్నించి ఏం చెబుతున్నారో నాకు వినిపించదు, ఆయన మొహమే చూస్తున్నాను. ఎంతసేపైనా "ఎస్, ఎస్" అంటున్నారు తప్ప మొహం మారదు. నాకు నువ్వు రాసిన చెమట, వణుకు అన్నీ పట్టాయి. ఫోను పెట్టేశాక ఆయన కుర్చీకి చేరగిలబడి, "ఇవ్వలేదట" అన్నారు.

అక్కడి వార్డు నర్సు కాగితం మీద యాభై చూసి, ఈ మనిషికి ఇంత ఎందుకని అనుమానపడి, ఇవ్వకుండా ఆపి డాక్టరుకి ఫోను చేసిందట. ఆ రోగి నాలుగు రోజులకి నడిచి ఇంటికి వెళ్ళిపోయాడట. ఆమె పేరేమిటని అడిగాను. పేరు చెప్పరట, నిబంధన. నేను మెట్లమీదికి వెళ్ళి కూర్చుని, చాలాసేపు నీ గురించే ఆలోచించాను.

మర్నాడు ఆయనా నేనూ బోరబండ వెళ్ళాం. లోపలికి పోకుండా వాకిట్లోనే నిలబడ్డారాయన, నువ్వు చెప్పినట్టే. "మీ అమ్మాయి తప్పు లేదమ్మా. మా మిషన్ల మోతలో నాకే వినపడలేదు, ఆమెకి ఎలా వినపడుతుంది? తప్పు మాది. మళ్ళీ రమ్మని అడగడానికి వచ్చాం" అని పైకే అన్నారు. పక్కిళ్ళ వాళ్ళు ఈసారి కూడా వచ్చారు. సత్తెమ్మగారు కాసేపు మా ఇద్దర్నీ చూసి, "మొన్నొచ్చిన సారు పెండ్లంటడు, మీరు మిషినంటరు. ఏదో ఒకటే చెప్పుండ్రి" అంది. నేను చెప్పాను, మా అక్క నా ఉత్తరం చదివి పొరపాటు పడిందని, మా బావగారు పెద్దమనసుతోనే వచ్చారని. వెనకాల ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుతో కొంత తేలికైంది. అంతా తేలికైందని అనను.

భవాని నవ్వలేదు. నావైపు చూడలేదు. చెన్నకేశవులుగారితోనే మాట్లాడింది. "వస్త సార్. కాని ఒక్కటి. వినబడకపోతే నేను అందాజగ కొట్ట. ఖాళీ ఇడిచిపెడ్త. ఖాళీ ఎందుకున్నదని నన్ను ఎవ్వరు అడగొద్దు" అంది. ఆయన సరేనన్నారు. మొదట ఆమె మాట నాకు మామూలుగానే అనిపించింది. దారిలో ఆయన చెబితే తెలిసింది, ఖాళీలున్న రిపోర్టు పంపితే అవతలివాళ్ళు మా పనికి మార్కులు తగ్గిస్తారట. అందుకే మా హాల్లో ఎవరూ ఖాళీ వదలరు. వినబడకపోతే దగ్గరగా ఉన్నదేదో కొట్టేస్తారు. ఇన్నాళ్ళూ ఆ హాల్లో తిరుగుతూ ఈ ముక్క నాకు తెలియదు.

తరవాత ఫ్యాన్ల పని పట్టాను. జీడిమెట్లలో రేకు పని చేసే షెడ్డుకి డబ్బాల పక్క రేకులు తీసుకెళ్ళి, పెద్ద గుండ్రటి కన్నాలు కోయించాను. వెడల్పు రెక్కల ఫ్యాన్లు తెచ్చి, సగం కరెంటుతోనే తిరిగేలా వైరు కలిపి బిగించాను. తీరిగ్గా తిరుగుతాయి, గాలి మాత్రం చేతికి తెలుస్తుంది. మొన్న కరెంటు పోయి ఏసీ ఆగినా పడమటి వరుస నిలబడింది. దుమ్ము ఎక్కువ పడుతోంది, వలగుడ్డ కట్టాను, వారానికోసారి దులపాలి. ఒక మిషను ఇప్పటికీ అప్పుడప్పుడు ఆగుతోంది, ఎందుకో అంతుపట్టలేదు. నా ఉద్యోగం సంగతి ఎండలు పోయాక చూద్దామన్నారు. అంటే ఏమిటో నాకు తెలియదు, అడగలేదు.

భవాని సోమవారం వచ్చింది. తన సీట్లో కూర్చుని మిషను వేసింది. నన్ను పిలవలేదు, ఎలా ఉందో చెప్పలేదు. నేను దూరంగా ఏదో వైరు సర్దుతున్నట్టు నిలబడ్డాను. మధ్యాహ్నానికి ఒక రిపోర్టులో ఒకచోట ఖాళీ వదిలింది. రిపోర్టులు సరిచూసే అమ్మాయి దాన్ని పట్టుకుని చెన్నకేశవులుగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన నన్ను పిలిచి, ఫ్యాను మోత ఉందేమో చూడమన్నారు. నేను వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. హాలు ప్రశాంతంగా ఉంది. డాక్టరు మాట మధ్యలో కుర్చీ జరుపుకున్నాడు, ఆ కిర్రులో మందు పేరు కలిసిపోయింది. మూడుసార్లు విన్నాను. నాకేదో పేరు తట్టింది కూడా, అదే అయి ఉంటుందని నోటిదాకా వచ్చింది. భవాని నావైపు చూస్తోంది, బోరబండ తరవాత మొదటిసారి.

"నాకూ వినబడలేదు" అన్నాను.

ఆయన ఆ ఖాళీని అలాగే పంపమన్నారు.

నీ తమ్ముడు
రవి